కొట్టని దెబ్బ

మా హాస్టల్ గదిలో టేప్ రికార్డర్‌కి ఒక జబ్బుండేది. లోపల బెల్టు సాగిపోయి, ఏ పాట పెట్టినా నీరసంగా పాడేది. ఘంటసాల గారి గొంతు కూడా జ్వరం తగ్గి అప్పుడే లేచి కూర్చున్నట్టుండేది. బెల్టు మార్పిద్దామని అందరం అనేవాళ్లమే. డబ్బులు పోగయ్యేసరికి అవి సినిమాకో, పెసరట్టు ఉప్మాకో ఖర్చయిపోయేవి. కాకినాడలో చదువుకునే రోజులవి. తొంభైలు అప్పుడే మొదలయ్యాయి.

ఆ జబ్బు మనిషి నోటనే నేను మొదటిసారి ఆ పాటలు విన్నాను. పక్క గది కుర్రాడి అన్న ఓడల్లో పనిచేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా నాలుగైదు కేసెట్లు పట్టుకొచ్చేవాడు. అందులో ఒకదాని మీద బాల్‌పెన్నుతో "జమైకా" అని మాత్రం రాసి ఉంది. పాడినవాడి పేరు లేదు, పాటల పేర్లూ లేవు. పాత హరికథ కేసెట్ మీదే ఎక్కించినట్టున్నాడు. పరాయి పాటలు అయిపోగానే రుక్మిణీ కల్యాణం సగంలోంచి భాగవతార్ గారు అందుకునేవారు.

జమైకా అంటే మాకు బాబ్ మార్లే. బాబ్ మార్లే అంటే టీషర్టు. ఆ టీషర్టు తొడుక్కున్నవాళ్లలో ఒక్క పాటైనా పూర్తిగా విన్నవాడు అరుదు. ఈ కేసెట్లో గొంతు మాత్రం మార్లేది కాదు. బొంగురుగా, ఎవరినో దూరం నుంచి పిలుస్తున్నట్టు ఉంది. వెనక ఇద్దరు వంత పాడుతున్నారు. ఇత్తడి బూరలు పెళ్లివారి బాజాలా కాకుండా, ఊరు ఖాళీ చేసి పోతున్నవాళ్ల ముందు వాయిస్తున్నట్టు మోగుతున్నాయి. మాటలు మాకు సగం కూడా అందలేదు. కానీ ఒక పేరు పదేపదే వినిపించేది. మార్కస్ గార్వీ. ఎవరో ప్రేయసి అయ్యుంటుందని మా గదిలో ఒకడు తేల్చాడు. కాలేజీ లైబ్రరీలో విజ్ఞాన సర్వస్వం తిరగేస్తే ఆ ప్రేయసికి మీసాలున్నాయని తెలిసింది. కవాతు దుస్తులు, తల మీద ఈకల టోపీ, చూపులో బోలెడంత ధీమా.

ఆ రికార్డు పేరు కూడా మార్కస్ గార్వీయే. పాడిన బృందం బర్నింగ్ స్పియర్, అంటే మండే బల్లెం. ఆ పేరు కెన్యా స్వాతంత్ర్య నాయకుడు జోమో కెన్యాట్టాను జనం పిలుచుకున్న బిరుదు. 1975 డిసెంబరులో ఐలాండ్ రికార్డ్స్ దాన్ని లోకం మీదికి వదిలింది. పది పాటలు. మొత్తం కలిపి అరగంట దాటి ఇంకొంచెం. ఈ ముప్పై ఏళ్లలో దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ అది నాకేదో చెప్తోందని అనుకునేవాణ్ణి. అది చెప్పడం లేదు, అడుగుతోంది. ఈ సంగతి తలకెక్కడానికి నాకు నడివయసు రావాల్సి వచ్చింది.

*

జమైకా ఉత్తర తీరంలో సెయింట్ ఆన్స్ బే అని ఒక చిన్న రేవు ఊరు. 1887 ఆగస్టు 17న మార్కస్ గార్వీ అక్కడే పుట్టాడు. తండ్రి తాపీ మేస్త్రి, ఇంట్లో పుస్తకాలు పోగేసుకున్న మనిషి. కొడుకు పద్నాలుగో ఏట అచ్చాఫీసులో పనికి కుదిరాడు. అక్షరాల అరల ముందు నిలబడి నేర్చుకున్న చదువే అతన్ని ఆ తర్వాత ఖండాలు దాటించింది. 1914లో కింగ్‌స్టన్‌లో నల్లజాతివారి కోసం ఒక సంఘం పెట్టాడు. 1916లో అమెరికా చేరాడు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో స్థిరపడి 'నీగ్రో వరల్డ్' పత్రిక నడిపాడు. 1919లో బ్లాక్ స్టార్ లైన్ అనే ఓడల కంపెనీ మొదలుపెట్టాడు. వాటా ఒక్కొక్కటి ఐదు డాలర్లు. వంటమనుషులు, చాకిరేవు పనివాళ్లు, కూలీలు తమ చెమట డబ్బుతో ఆ వాటాలు కొన్నారు.

ఆ ఓడలు ఎందుకంత మోజు పుట్టించాయో ఒక్క క్షణం ఆలోచిస్తే తెలిసిపోతుంది. వాళ్ల తాతముత్తాతలు సముద్రం దాటింది ఓడ అడుగున గొలుసులతో. ఇప్పుడు పై అంతస్తులో, తమ సొంత ఓడలో, టిక్కెట్టు కొనుక్కుని దాటొచ్చు. అయితే కలకి ఉన్న బలం కంపెనీ లెక్కలకు లేదు. పాత ఓడల్ని మోసపోయి ఎక్కువ ధరకు కొన్నారు. ప్రభుత్వ గూఢచారులు వెంటపడ్డారు. తపాలా ద్వారా మోసం చేశాడన్న కేసులో 1923లో గార్వీకి ఐదేళ్ల శిక్ష పడింది. 1927లో శిక్ష తగ్గించి దేశం నుంచి పంపించేశారు. 1940లో లండన్‌లో పక్షవాతంతో మంచం పట్టినప్పుడు, తాను చనిపోయానని పత్రికల్లో అచ్చయిన వార్తలు తానే చదువుకోవాల్సి వచ్చింది. అచ్చాఫీసులో బతుకు మొదలుపెట్టినవాడికి అచ్చు చేసిన ఆఖరి మర్యాద అది. అదే ఏడు జూన్ 10న నిజంగానే పోయాడు.

1964లో అతని అవశేషాల్ని జమైకాకు తెచ్చి, దేశపు తొలి జాతీయ వీరుడన్నారు. నాణెం మీద బొమ్మ వేశారు. అమెరికా క్షమాభిక్ష మాత్రం 2025 జనవరి 19న వచ్చింది, మనిషి పోయిన ఎనభై నాలుగేళ్లకు. ప్రభుత్వాల జ్ఞాపకశక్తి ఎప్పుడూ అంతే. మనిషి బతికున్నప్పుడు కేసు గుర్తుంటుంది, పోయాక ఘనత గుర్తొస్తుంది.

1945లో అదే సెయింట్ ఆన్స్ బేలో బర్నింగ్ స్పియర్ ముఖ్య గాయకుడు విన్‌స్టన్ రోడ్నీ పుట్టాడు. 1969 ప్రాంతంలో ఆ కొండల్లో నడుస్తుంటే బాబ్ మార్లే ఎదురయ్యాడని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. మార్లేదీ ఆ జిల్లాయే. గాడిదను తోలుకుని, మొక్కలు పట్టుకుని పొలానికి పోతున్నాడట. పాడాలని ఉందని రోడ్నీ చెబితే, కింగ్‌స్టన్ వెళ్లి స్టూడియో వన్‌లో అడిగి చూడమన్నాడట. గాడిద పక్కన నిలబడి చెప్పిన ఆ రెండు ముక్కలతో ఒక జీవితం మలుపు తిరిగింది. స్టూడియో వన్‌లో కొన్నేళ్లు పాడినా రోడ్నీకి చేతికొచ్చింది తక్కువే. మళ్లీ ఊరికి వచ్చి కూర్చున్నాడు.

పక్క ఊరు ఓచో రియోస్‌లో జాక్ రూబీ అనే ఆయనకు సౌండ్ సిస్టమ్ ఉండేది. పెద్ద పెద్ద స్పీకర్లు ఆరుబయట నిలబెట్టి ఊరందరినీ రాత్రంతా ఆడించే ఏర్పాటన్నమాట. మన జాతరలో మైకుసెట్టువాడికి ఎంత పరపతో అక్కడ సౌండ్ సిస్టమ్ యజమానికి అంతకు పదింతలు. ఎదుటివాడి దగ్గర లేని పాట తన దగ్గర ఉండటమే అతని ఆయుధం. గార్వీ పాటను రూబీ మొదట తన సెట్టులో మాత్రమే వేసుకుందామని చేయించాడు. జనం ఊరుకోలేదు. మళ్లీ వెయ్యి, మళ్లీ వెయ్యి అన్నారు. ఇక రికార్డుగా తేక తప్పలేదు. బానిసత్వపు రోజుల మీద పాడిన పాట కూడా అలాగే ఊళ్లకు ఊళ్లను పట్టేసింది. అలా నడుస్తూ నడుస్తూ ఆల్బమ్ అయింది.

కింగ్‌స్టన్‌లో నార్త్ పెరేడ్ వీధి, రికార్డుల దుకాణం మీది అంతస్తులో రాండీస్ స్టూడియో. రోడ్నీకి అటూ ఇటూ వంత పాడినవాళ్లు రూపర్ట్ విల్లింగ్టన్, డెల్రాయ్ హైండ్స్. బేస్ గిటార్ మీద రాబీ షేక్‌స్పియర్, ఆస్టన్ బారెట్. డ్రమ్స్ దగ్గర లీరాయ్ వాలెస్, ఊరంతా 'హార్స్‌మౌత్' అని పిలిచే మనిషి. ట్రంపెట్ బాబీ ఎల్లిస్‌ది, ట్రాంబోన్ విన్ గోర్డన్‌ది. అంతా ఆ దీవి సంగీతానికి చేయి తిరిగిన పనివాళ్లు. ఊళ్లో మరుగున పడిపోయిన పేరును, అదే ఊళ్లో పుట్టిన మరొకడు, పక్క ఊరి మైకుసెట్టు ఆసామి డబ్బుతో లోకానికి వినిపించాడు. మన పల్లెల్లో ఎవరైనా ఈ కథ చెబితే ఊరి పెద్దలు నమ్మరు.

*

మా గదిలో ఒక మృదంగం కుర్రాడు ఉండేవాడు. ఇంజనీరింగ్ వాళ్ల నాన్న కోరిక, మృదంగం అతని సొంతం. హాస్టల్లో మృదంగం వాయిస్తే తన్నేవాళ్లు కాబట్టి స్టీలు బకెట్టు బోర్లించి సాధన చేసుకునేవాడు. ఒకరాత్రి జమైకా కేసెట్ నడుస్తుంటే బకెట్టు దగ్గరికి జరుపుకున్నాడు. నాలుగు లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ముఖం చిట్లించి, "సమం ఎక్కడరా?" అన్నాడు.

"నాకేం తెలుసు?"

"ఒకటి మీద వీడు కొట్టట్లేదు. నా చెయ్యి పడుతోంది, వాడి చెయ్యి పడట్లేదు. మూడు మీద వచ్చి దబ్బున కొడుతున్నాడు." ఇంకో రెండు పాటలు విన్నాడు. "పాట అనాగతంగా ఎత్తుకోవడం విన్నాను. వీడి దగ్గర తాళమే అనాగతంగా ఉంది."

రెగే పాటల కింద నడిచే ఆ నడకకు వన్ డ్రాప్ అని పేరుందని తర్వాతెప్పుడో చదివాను. నాలుగు మాత్రల్లో మొదటిది వదిలేస్తారు. మిగతా లోకపు సంగీతం చాలావరకు బలమంతా పెట్టేది ఆ మొదటిదాని మీదే. ఇక్కడ అది ఖాళీ. పెద్ద డోలూ చిన్న డోలూ కలిసి మూడో మాత్ర మీద పడతాయి. గిటార్ ఎడమెడంగా, దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో చురుక్కుమంటుంది. బేస్ మాత్రం కింద నిదానంగా, ఎడ్లబండి ఇరుసులా తిరుగుతూ ఉంటుంది.

ఆ ఖాళీ దగ్గర ఒక చిత్రం జరుగుతుంది. వాయించేవాడు వదిలేసిన దెబ్బను వినేవాడి ఒళ్లు వేస్తుంది. తల ఊగుతుంది, కాలు కదులుతుంది. మృదంగం కుర్రాడి చెయ్యి బకెట్టు మీద పడింది అక్కడే. అంటే పాట సగం వాళ్ల దగ్గర ఉంది, మిగతా సగం మన దగ్గర. కొట్టని దెబ్బ లెక్కలో లేనట్టు కాదు. దాన్ని పూరించే బాధ్యత ఎదుటివాడి మీద పెట్టారు, అంతే.

రోడ్నీ పాడే పద్ధతీ అదే. కథ మొత్తం చెప్పడు. గార్వీ ఎక్కడ పుట్టాడు, ఏ ఏడాది ఏం చేశాడు, ఏ కేసులో ఇరుక్కున్నాడు, ఇవేవీ పాటలో ఉండవు. ఆకలి ఉంటుంది, చేతిలో కాసు లేని దిగులు ఉంటుంది, ఒక పెద్దమనిషి చెప్పిన మాట నిజమైందన్న నిట్టూర్పు ఉంటుంది. బానిస రోజుల పాట అయితే దాదాపు మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, గుర్తుందా అని. ముఖ్య గాయకుడు అడుగుతాడు, వంత పాడేవాళ్లు అందుకుంటారు. మన బుర్రకథలో కథకుడికి అటొకరు ఇటొకరు వంతలుంటారు కదా. అక్కడ వంతలు ఊఁ కొట్టి, హాస్యమాడి, రాజకీయం మాట్లాడి కథను ముందుకు తోస్తారు. ఇక్కడ వంతలు కథను ముందుకు కదలనివ్వరు. ప్రశ్న దగ్గరే కాళ్లు పాతుకుని నిలబడతారు. జవాబు చెప్పందే దారి ఇచ్చేది లేదన్నట్టు.

చరిత్ర పాఠం అయితే వింటాం, పరీక్ష రాస్తాం, మర్చిపోతాం. గుర్తుందా అని ఎవరైనా సూటిగా అడిగితే ఇంకో సంగతి. లేదని చెప్పడానికి సిగ్గేస్తుంది, ఉందని చెప్పడానికి ధైర్యం చాలదు.

*

ఈ రికార్డు మీద ఒక విషాదం కాని విషాదం ఉంది. జమైకాలో రూబీ చేయించిన మిక్స్ ఒకటి, లండన్ కంపెనీ ఐలాండ్ లోకానికి అమ్మింది మరొకటి. తెల్లవాళ్ల చెవులకు ఘాటెక్కువవుతుందని కంపెనీ దాన్ని మళ్లీ కలిపి, పదును తగ్గించి, బయటికి వదిలింది. వేగం కూడా కొంచెం పెరిగిందంటారు రెండూ పక్కపక్కన పెట్టి విన్నవాళ్లు. రోడ్నీకి అది మింగుడు పడలేదు. తన పాటల పెత్తనం తన చేతిలో ఉండాలని స్పియర్ అని సొంత లేబుల్ పెట్టుకున్నాడు. మరచిపోకండని పాడిన పాటనే, సులువుగా మింగేట్టు చేసి అమ్మడం కంటే వెటకారం ఏముంటుంది? ఆవకాయలో నీళ్లు కలిపి కూర అన్నట్టు.

ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో సీడీ ప్లేయర్ కొన్నాను. వెతికి వెతికి ఆ ఆల్బమ్ తెప్పించుకున్నాను. పెట్టగానే ఉలిక్కిపడ్డాను. ఇదేంటి, పాట పరిగెడుతోంది? మా హాస్టల్లో విన్న గొంతు ఇంకా బరువు, ఇంకా నిదానం. లండన్ పెంచిన వేగాన్ని మా సాగిపోయిన బెల్టు తగ్గించేసిందన్నమాట. లెక్కప్రకారం సరిపోయిందో లేదో నాకు తెలీదు కానీ, పెసరట్టుకు ఖర్చుపెట్టిన ఆ బెల్టు డబ్బులు ఇన్నాళ్లకు పుణ్యం ఖాతాలో పడ్డాయని సంతోషించాను.

కంపెనీ ఇంకో పని కూడా చేసింది. 1976లో ఇవే పాటల్ని డబ్ పద్ధతిలో 'గార్వీస్ గోస్ట్' పేరుతో, అంటే గార్వీ దయ్యం అని, విడుదల చేసింది. డబ్ అంటే పాటలోంచి గొంతు తీసేసి, బేసూ డ్రమ్సూ మిగిల్చి, మధ్యమధ్యలో ఒక మాటనో బూరనో ప్రతిధ్వనిగా వదలడం. అది వింటుంటే ఖాళీ ఇంట్లో తిరుగుతున్నట్టుంటుంది. పల్లవి మొదలవుతుంది, ఒక్క అక్షరం వినిపించి మాయమవుతుంది, మిగతాది మన నోట్లో పూర్తవుతుంది. కొట్టని దెబ్బ సంగతి చెప్పాను కదా, ఇది పాడని పాట.

ప్రభావం అనే మాటను నేను జాగ్రత్తగానే వాడతాను. ఒక పాట వల్ల లోకం మారిందని ఎవరైనా అంటే టీషర్టు గుర్తొస్తుంది. అయినా కొన్ని ఆనవాళ్లు కంటికి కనబడతాయి. 1978లో వచ్చిన 'రాకర్స్' సినిమాలో కథానాయకుడు మరెవరో కాదు, డ్రమ్మరు హార్స్‌మౌతే. రికార్డులు అమ్ముకుందామని మోటారు సైకిలు కొంటాడు, దాన్ని దొంగలు కొట్టేస్తారు. అందులో ఒక రాత్రి, సముద్రపు ఒడ్డున, అతని పక్కన కూర్చుని రోడ్నీ పాడతాడు. వాద్యాలేవీ లేవు. అలల చప్పుడు, ఒక గొంతు. డ్రమ్మరు చేతులు ముడుచుకుని వింటుంటాడు. ఈ ఆల్బమ్‌లో విన్నదాని ఎముకలు చూడాలంటే ఆ నాలుగు నిమిషాలు చాలు.

2005లో ఐర్లండ్ గాయని షినేడ్ ఓ కానర్ కింగ్‌స్టన్ వెళ్లి, రూట్స్ రెగే పాటలతోనే ఒక ఆల్బమ్ చేసింది. అందులో రోడ్నీ పాటలు పలుచోట్ల ఉన్నాయి, గార్వీ పాటతో సహా. బేస్ వాయించింది రాబీ షేక్‌స్పియర్. ముప్పై ఏళ్ల కిందట కుర్రాడిగా వాయించిన చేతులే, ఇప్పుడు కరువూ వలస పాలనా చవిచూసిన మరో దీవి ఆడపిల్ల కోసం వాయించాయి. ఆమెను కూడా ఆ పాట ఏదో అడిగి ఉంటుంది. తన ఊరి లెక్కలోంచి జవాబు వెతుక్కుని ఉంటుంది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. గార్వీ మచ్చలేని మనిషేం కాదు. 1922లో నల్లవాళ్లను చెట్లకు ఉరేసే క్లూ క్లక్స్ క్లాన్ పెద్దను కలిసి మాట్లాడి, సాటి నాయకుల చేత చీవాట్లు తిన్నాడు. ఐదేసి డాలర్లు పెట్టిన పేదల డబ్బు నీళ్లపాలైంది. పాటలో ఇవేవీ లేవు. పాట అతన్ని ప్రవక్తను చేసింది. కుర్రతనంలో నాకది తోచలేదు, తర్వాత కొన్నాళ్లు అదొక్కటే తోచింది. ఇప్పుడనిపిస్తుంది, పాట గార్వీ బతుకుకు న్యాయమూర్తిగా కూర్చోలేదని. తలుపు తట్టింది. తలుపు తీసి లోపలికెళ్లి లెక్కలు చూసుకోవలసింది మనం. లైబ్రరీలో విజ్ఞాన సర్వస్వం తిరగేయించింది ఆ తట్టుడే కదా.

*

బానిస రోజులు గుర్తున్నాయా అని ఆ గొంతు అడుగుతుంటే చాలా ఏళ్లు అది పరాయివాళ్ల సంగతే అనుకున్నాను. తేదీలు పక్కపక్కన పెట్టి చూసిన రోజున నవ్వు పోయింది.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. యజమానులకు నష్టపరిహారంగా ప్రభుత్వం 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. బానిసలకు దమ్మిడీ ఇవ్వలేదు. చెరకు తోటలు మాత్రం కూలీల కోసం నోరు తెరుచుకునే ఉన్నాయి. ఆ నోట్లోకి మనవాళ్లను పంపారు. అదే 1834 నుంచి మారిషస్‌కు మన దేశపు ఒప్పందం కూలీల ఓడలు పోయాయి. 1845 మే 10న బ్లండెల్ అనే ఓడ మన కూలీలతో జమైకా తీరంలో ఓల్డ్ హార్బర్ బేలో లంగరు వేసింది. ఆ తర్వాత ఏడు దశాబ్దాల్లో దాదాపు 36 వేలమంది భారతీయులు ఆ దీవి చేరారు. ఎక్కువమంది గంగా తీరపువాళ్లు. చేతిసంచుల్లో వాళ్లు తీసుకెళ్లిన మొక్కను జమైకా ఇప్పటికీ మన పేరుతోనే పిలుస్తుంది, గాంజా అని. టీషర్టు మీది ఆకుకు ఊరూ పేరూ మనవే.

చెరకు తోటలకు పోయిన తెలుగువాళ్లు ఎక్కువగా మారిషస్, నేటాల్, ఫిజీ పోయారు. మారిషస్ పోయినవాళ్లలో కొందరు ఎక్కిన రేవు కోరంగి, మా కాకినాడకు కూతవేటు దూరం. ఈరోజు అక్కడ మడ అడవి, పక్షులు, ఆదివారం షికారుకొచ్చే జనం. ఉగాదికి మారిషస్ ప్రభుత్వం ఇప్పటికీ సెలవిస్తుంది. ఆ దీవిలో ఎనభైల చివర అక్కడి సెగా పాటనూ రెగేనూ కలిపి సెగే అని కొత్త పద్ధతి పుట్టించిన గాయకుడు కాయా. మార్లే ఆల్బమ్ పేరునే తన పేరుగా పెట్టుకున్నాడు. బానిసల వారసుల కష్టం పాడాడు. 1999 ఫిబ్రవరి 21న పోలీసుల నిర్బంధంలో చనిపోయాడు. దీవి కొన్ని రోజులు తగలబడింది. జమైకాలో పుట్టిన లయ, కోరంగి వాళ్ల మునిమనవలు బతుకుతున్న వీధుల దాకా వచ్చిందన్నమాట. ఇంక ఆ ప్రశ్న పరాయిది ఎలా అవుతుంది?

మా ఇంట్లో సంక్రాంతి రోజు పెద్దలకు బట్టలు పెట్టడం ఆనవాయితీ. పీట మీద పంచెలు, చీరలు, పక్కన గారెలు, పరమాన్నం. మా మామ్మ ఒక్కో బట్టకు పసుపు బొట్టు పెట్టి, పేరు చెప్పి పీట మీద ఉంచేది. ఇది మీ తాతది, ఇది మీ ముత్తాతది, ఈ చీర చిన్నత్తయ్యది. అన్నీ అయ్యాక చివర ఒక తువ్వాలు పెట్టేది. పేరు చెప్పేది కాదు. చెయ్యి ఒక క్షణం దాని మీద ఆగేది.

"ఇదెవరికి మామ్మా?"

"ఓడెక్కినాయనకిరా. మీ తాతగారి తాతకి తమ్ముడు. రంగూనో మోరీసో పోయాడంట. మళ్లీ రాలేదు."

"పేరేంటి?"

"పేరు తెలిస్తే పంచె పెట్టేదాన్ని కదా!"

అప్పుడు నవ్వాను. ఆ మాటలో మొహమాటం ఉందనీ, అపరాధం ఉందనీ తర్వాత అర్థమైంది. పేరు మర్చిపోయిన ఇల్లు పంచె పెట్టడానికి మొహం చెల్లక తువ్వాలు పెడుతోంది. అయినా మానలేదు. వరసలో అతని చోటు అతనికి ఉంచింది, ఖాళీగానే.

మామ్మ పోయి చాలా ఏళ్లయింది. మా అమ్మ ఆ తువ్వాలు పెట్టింది, ఇప్పుడు మేం పెడుతున్నాం. పోయిన సంక్రాంతికి మా అమ్మాయి పక్కన కూర్చుని గారెల కోసం చూస్తూ, నేను అడిగిన ప్రశ్నే అడిగింది. మామ్మ జవాబే చెప్పాను. అది నవ్వలేదు.

"తెలీదా? కనుక్కోలేదా మరి?"

మారిషస్‌లో ఆ ఓడలెక్కినవాళ్ల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పేర్లు, ఊళ్లు, చాలామందివి ఫొటోలు కూడా ఉన్నాయని నాకు పదేళ్లుగా తెలుసు. ముప్పై ఏళ్లు గుర్తుందా అన్న పాటకు తల ఊపుతూ కూర్చున్నాను తప్ప ఒక్క కార్డు ముక్క రాయలేదు.

కనుమ నాటి రాత్రి అందరూ పడుకున్నాక ఆ పాటలు పెట్టుకుని ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఊరు దగ్గర మా ఊరు రాశాను. రేవు దగ్గర కోరంగి అయ్యుండొచ్చని రాశాను. సంవత్సరం దగ్గర, మామ్మ చెప్పిన తరాలు లెక్కేసి, 1880లు అని రాశాను. తండ్రి పేరు రాశాను, అన్న పేరు రాశాను.

పేరు దగ్గర కాస్త జాగా వదిలి, కింద సంతకం చేశాను.